గిన్నె మీద రెండు దెబ్బలు

రోజూ పొద్దున్నే పనిలోకి బయలుదేరే ముందు కత్తి పిన్ని తన ఎడమ ముంజేతి మీద బొత్తామంత మేర గీసుకుని చూసుకుంటుంది. వెంట్రుక పట్టుకోకుండా, చర్మం ఎర్రబడకుండా తెగితే ఆ రోజుకి కత్తి బాగున్నట్టు. నీళ్ళతో కడిగి, గుడ్డతో తుడిచి, పెట్టెలో పెట్టుకుని వెళుతుంది. ముప్ఫై ఏళ్ళుగా ఆ చేతి మీద వెంట్రుకలకి పెరిగే తీరిక దొరకలేదు. కుడి చెయ్యి మాత్రం అందరి చెయ్యిలాగే ఉంటుంది.

ఆస్పత్రి కాగితాల మీద ఆమె ఉద్యోగం ఆయా. చేసేది ఒకటే పని. ఆడవాళ్ళ సర్జరీ వార్డులో, ఆపరేషన్‌కి ముందురోజు సాయంత్రం, కోత పడబోయే చోట రోగి ఒంటిని గీసి శుభ్రం చేయడం. పొత్తికడుపు, మోకాలు, తుంటి. సర్జన్లు కూడా ఆమెని పిన్ని అనే పిలుస్తారు. "పిన్నీ, రేపటి తుంటి తయారేనా?" అంటారు. ఆ రోగి పేరు ఆమెకీ తెలియదు, వాళ్ళకీ తెలియదు.

గీసిన చోట చిన్న గాటు పడినా ఆపరేషన్ వాయిదా వేస్తారు. గాటు చీము పడుతుందని భయం. అలా వాయిదా పడితే సర్జను తిడతాడు, రోగి ఇంటివాళ్ళు తిడతారు, పెద్ద నర్సమ్మ మాట్లాడడం మానేస్తుంది. కత్తి పిన్ని చేతిలో గాటు పడి పదకొండేళ్ళయింది. ఆ సంగతి ఆమె ఎవరికీ చెప్పుకోదు. ఎవరైనా చెబుతుంటే మాత్రం అక్కడే నిలబడి మొత్తం వింటుంది.

పడుచువాళ్ళతో ఇబ్బంది లేదు. సిగ్గుతో కళ్ళు మూసుకుని కట్టెలా పడుకుంటారు. ముసలివాళ్ళతోనే తంటా. కాళ్ళు వణుకుతాయి. చెయ్యి పట్టుకుంటారు. "అమ్మాయ్, నువ్వు డాక్టరువా?" అని అడుగుతారు, కాదంటే, "మరి కత్తెందుకు?" అంటారు. చెప్పిందే మళ్ళీ చెప్పాలి. టీ చల్లారిపోతుంది.

అందుకని వార్డులో ఒక పద్ధతి ఏర్పడింది. ఎవరు మొదలుపెట్టారో, ఎప్పుడు మొదలైందో ఎవరికీ గుర్తు లేదు. ముసలావిడ కుదురుగా ఉండకపోతే కత్తి పిన్ని తన స్టీలు గిన్నె అంచు మీద కత్తి పిడితో రెండు దెబ్బలు కొడుతుంది. తెర అవతల బల్ల దగ్గర కూర్చున్న పెద్ద నర్సమ్మకి అది వినిపిస్తుంది. ముసలివాళ్ళందరి కాగితాల మీదా డాక్టర్లు అలవాటుగా ఒక వాక్యం రాసి ఉంచేవారు: ఆందోళనగా ఉంటే ఒక మత్తుబిళ్ళ. ఆ ఆందోళన ఎవరిదో రాసేవారు కాదు. రెండు దెబ్బలు వినబడగానే నర్సమ్మ బిళ్ళ పట్టుకుని వచ్చేది. వేసి వెళ్ళి, "రోగి ఆందోళనగా ఉన్నారు, బిళ్ళ ఇచ్చాము" అని రాసేది. అరగంటలో ముసలావిడ తడిగుడ్డలా వాలిపోయేది. పది నిమిషాల్లో గీయడం అయిపోయేది. తెల్లవారి డ్యూటీ మారాక కొత్త నర్సు అదే వాక్యం చూసి, స్ట్రెచర్ మీదికి ఎక్కించేటప్పుడు గొడవ ఉండదని, ఇంకో బిళ్ళ వేసేది.

ఆపరేషన్లు బాగానే జరిగేవి. ఎముకలు అతుక్కునేవి. కాకపోతే కొందరు ముసలివాళ్ళు నిద్ర లేచేది ఇంకో లోకంలో. ఒకావిడ దిండుకి పాలు పట్టేది. ఒకావిడ తన మంచాన్ని చీమలు మోసుకుపోతున్నాయని రెండు రోజులు అరిచింది. ఇంటికి పోతానని గొట్టాలు పీక్కునేవాళ్ళని మంచం కమ్మీకి కట్టుగుడ్డతో కట్టేసేవారు. టీ వేళకి గదిలో కత్తి పిన్ని వాళ్ళని అనుకరించి చూపించేది. దిండుకి పాలు పట్టడం ఆమె చేసినట్టు ఎవరూ చేయలేరు. ఆయాలు నవ్వలేక పొట్ట పట్టుకునేవారు. పెద్ద నర్సమ్మ కూడా, "చాల్లేవే పిన్నీ, టీ ముక్కులోకి పోతోంది" అనేది.

ఇంటివాళ్ళు అడిగితే అందరిదీ ఒకటే జవాబు. "పెద్దవాళ్ళు కదండీ, కొన్నాళ్ళు అలాగే ఉంటారు." ఇంటివాళ్ళు తలూపి తీసుకుపోయేవారు. గేటు దాటాక ఏమయ్యేదో వార్డులో ఎవరూ చూడలేదు.

అలాంటి వార్డులోకి కొత్తగా ఒక మత్తు డాక్టరమ్మ వచ్చింది. సన్నగా ఉండేది. గొంతు ఎంత చిన్నదంటే, ఆమె ఏమన్నా అవతలివాళ్ళు, "ఏంటమ్మా?" అని రెండోసారి అడగాల్సిందే. ప్రతి ముసలి రోగి మంచం అంచున కూర్చుని ఇది ఏ వారం అని, ఇరవై నుంచి వెనక్కి లెక్కపెట్టమని, ఆఖరుసారి ఏం వండారు, ఎలా వండారు అని అడిగేది. ఆపరేషన్ అయ్యాక మూడు రోజులు మళ్ళీ అవే అడిగేది. మూడు నెలలు చూసి గోడ మీద ఒక కాగితం అంటించింది. అరవై అయిదు దాటినవారికి నన్ను అడగకుండా మత్తుబిళ్ళ ఇవ్వకూడదు. కళ్ళజోడు, చెవి మిషను ఆపరేషన్ గది తలుపు దాకా తీయకూడదు. ఇంటి మనిషిని ఒకరిని పక్కన ఉండనివ్వాలి. భయపడుతుంటే ముందు కూర్చుని మాట్లాడాలి.

"కూర్చోవాలట" అంది పెద్ద నర్సమ్మ. "ముందు కుర్చీ ఏదని అడగవే."

"నేను చేతిలో కత్తి పెట్టుకుని కబుర్లు చెబితే ఉన్న ప్రాణం కూడా పోతుంది వాళ్ళకి" అంది కత్తి పిన్ని.

డాక్టరమ్మ అక్కడే ఉంది. నవ్వలేదు, కోప్పడలేదు. "మీ చేతిలో పదకొండేళ్ళుగా గాటు పడలేదని విన్నాను" అంది. "మెలకువగా ఉన్న మనిషి మీద కూడా పడకుండా చేయగలరా?"

కత్తి పిన్నికి ఆ మాట లోపలికంటా దిగింది. మూడు వారాలు పంతం పట్టి చేసింది. ఒక్కో ముసలావిడకి నలభై నిమిషాలు. మనవల పేర్లు, మోకాళ్ళ నొప్పులు, చచ్చిపోయిన పిల్లులు, అన్నీ వింది. గాటు పడలేదు. ఆ మూడు వారాల్లో దిండుకి పాలు పట్టినవాళ్ళు కూడా లేరు. టీ గదిలో చూపించడానికి ఏమీ లేకుండా పోయిందని ఆయాలు గునిశారు. నాలుగో వారం నుంచి, సాయంత్రం నాలుగింటికి డాక్టరమ్మ అవతలి బ్లాకుకి వెళ్ళిపోగానే, గిన్నె మళ్ళీ మోగడం మొదలైంది. గోడ మీద కాగితం సగాన్ని కప్పుతూ, చేతులు కడుక్కోండి అనే కాగితం ఒకటి వచ్చి చేరింది.

కత్తి పిన్నికి ఇంట్లో ఉన్నది అక్క ఒక్కతే. పిన్నికి యాభై ఎనిమిది, అక్కకి డెబ్భై ఒకటి. తల్లి పోయాక చెల్లెల్ని పెంచింది అక్కే, కుట్టుమిషను తొక్కి. వీధి మొత్తానికి ఆమే కుట్టేది. చొక్కాలు, గౌన్లు, బడిపిల్లల బట్టలు. ఎవరినైనా జీవితంలో ఒక్కసారే కొలిచేది. ఆ తరువాత టేపు ముట్టుకోదు, కాగితం మీద రాసుకోదు. మనిషి గుమ్మంలోకి రాగానే, "నడుము అంగుళం పెరిగింది, సిగ్గు లేదా?" అనేది. నాలుగు వందల మంది ఒళ్ళు ఆమె బుర్రలో ఉండేవని చెప్పుకునేవారు. ఆమె చేతిగుణం కన్నా ఆ బుర్రకే జనం వచ్చేవారు. నోటికి జడిసి కొందరు రాలేదు.

ఆ నోరు ఎక్కువ పడింది చెల్లెలి మీదే. "మా చెల్లెలా? ఆస్పత్రిలో బొచ్చు గీకుతుంది" అని పరిచయం చేసేది. "ఒసేయ్, నీ ఎడమ భుజం కుడిదానికంటే అంగుళం కిందకి ఉంటుంది. ఆ వంకర ఎవరికీ తెలియకుండా కుడుతున్నాను, చచ్చేదాకా నా కాళ్ళు పట్టుకు తిరుగు" అనేది. ఆ మాట నిజం. కత్తి పిన్ని భుజాల తేడా వార్డులో ఎవరూ ఎన్నడూ గమనించలేదు.

ఒకరోజు దారపు ఉండల డబ్బా అందుకోబోయి అక్క పీట మీదినుంచి జారింది. తుంటి విరిగింది. చెల్లెలి వార్డులోనే, కిటికీ పక్క మంచం.

డాక్టరమ్మ వచ్చి మంచం అంచున కూర్చుంది. ఇది ఏ వారం? అక్క చెప్పింది. ఇరవై నుంచి వెనక్కి? చెప్పింది. ఆఖరుసారి ఏం వండారు?

"వంట సంగతి నన్నడక్కు, అది దీని డ్యూటీ. కొలతలడుగు" అంది అక్క, పక్కనే ఉన్న చెల్లెల్ని చూపిస్తూ. డాక్టరమ్మని పైనుంచి కింద దాకా ఒకసారి చూసింది. "ఛాతీ ముప్ఫై రెండు. నడుము ఇరవై ఏడు. చేతులు పొడుగు. కొనుక్కున్న చొక్కా ఏదైనా నీకు మణికట్టు దగ్గర పొట్టవుతుంది. అందుకే ఎప్పుడూ మడిచి తిరుగుతున్నావు."

డాక్టరమ్మ తన చేతుల వైపు చూసుకుని నవ్వింది. ఆమె నవ్వడం వార్డులో అదే మొదటిసారి. కాగితం మీద ఎర్రసిరాతో, "బిళ్ళ వద్దు. మాట్లాడితే చాలు" అని రాసింది. వరండాలో కత్తి పిన్నిని ఆపింది.

"మీ అక్కగారికి ఏ బిళ్ళా వద్దు. తుంటికి నొప్పి తెలియకుండా సూది ఇచ్చాను, అది చాలు. ఈ వయసులో బుర్ర ఒకసారి చెదిరితే అందరికీ తిరిగి రాదు. ఆమెకి ఉన్నదంతా ఆ బుర్రే కదా."

"నాకు తెలియదా డాక్టరమ్మా" అంది కత్తి పిన్ని.

సాయంత్రం నాలుగున్నరకి తెర లాగి, గిన్నెలో సబ్బునురుగు కలుపుకుని కూర్చుంది. తెర గుడ్డదే. పక్క మంచాల మీద ముగ్గురు, బల్ల దగ్గర పెద్ద నర్సమ్మ, నేల తుడుస్తూ ఇద్దరు ఆయాలు. అక్క వీపు కింద దిండ్లు పెట్టించుకుని దర్జాగా ఉంది. కాలు మాత్రం వణుకుతోంది. నోరు ఆగడం లేదు.

"ఇదేనమ్మా మా చెల్లెలి విద్య" అంది తెర అవతలికి వినిపించేలా. "తొమ్మిదేళ్ళ దాకా పక్క తడిపేది. ఇప్పుడు అందరి పక్కలూ తడుపుతోంది సబ్బుతో."

అవతల నవ్వులు. "ఊరుకో అక్కా, కదలకు" అంది కత్తి పిన్ని.

"నేనెక్కడ కదిలానే? నీ చెయ్యే కదులుతోంది. మొగుడు వెళ్ళిపోయిన రోజున కూడా ఇది డ్యూటీకి పోయిందమ్మా. ఏడుపు లేదు, ఏమీ లేదు. తుంటి ఒకటి మిగిలిపోయిందట."

తెర అవతల తుడిచే చప్పుడు ఆగింది. పెద్ద నర్సమ్మ గొంతు వినిపించింది. "అదేంటి పిన్నీ? మీ ఆయన చనిపోయాడన్నావు?"

ఇరవై రెండేళ్ళుగా వార్డులో అందరికీ చెప్పింది అదే. తద్దినమని ఏటా ఒకరోజు సెలవు కూడా పెట్టుకుంది.

"చావడమేంటి? పక్క వీధిలో గుండ్రాయిలా ఉన్నాడు" అంది అక్క. "చొక్కాలు ఇప్పటికీ నా దగ్గరే కుట్టించుకుంటాడు. ఇది డ్యూటీలో ఉన్నప్పుడు వచ్చి గుడ్డ ఇచ్చిపోతాడు. మెడ పదహారున్నర. లావెక్కాడు, సుఖపడుతున్నాడు."

ఆ చివరి సంగతి కత్తి పిన్నికి కూడా తెలియదు. తను పనిలో ఉండగా, తన ఇంట్లో, తను రోజూ ఊడ్చే గదిలో, ఇరవై రెండేళ్ళుగా అక్క ఆ మనిషికి చొక్కాలు కుడుతోంది.

అవతల ఎవరో నవ్వు ఆపుకోలేక దగ్గారు.

కత్తి పిన్ని గిన్నె అంచు మీద రెండు దెబ్బలు కొట్టింది. నురుగు విదిలించడానికి కొట్టానని తరువాత చాలాకాలం తనకి తాను చెప్పుకుంది. నురుగు విదిలించడానికి ఒక్క దెబ్బ చాలని ముప్ఫై ఏళ్ళుగా ఆమెకి తెలుసు.

పెద్ద నర్సమ్మ తెర పక్కకి తీసి తల లోపల పెట్టింది. చేతిలో కాగితం ఉంది. "పిన్నీ, ఎర్రసిరాతో రాశారు."

"కాలు వణుకుతోంది. గాటు పడుతుంది."

నర్సమ్మ వెళ్ళి, బిళ్ళ తెచ్చి కత్తి పిన్ని చేతిలోనే పెట్టింది. తను వేయలేదు.

"ఏంటే ఇది?" అంది అక్క.

"నొప్పికి."

"నొప్పికి సూది ఇచ్చిందిగా ఆ పొడుగు చేతుల పిల్ల?"

"ఇది రాత్రికి."

అక్క నోట్లో వేసుకుని నీళ్ళు తాగింది. "చేదుగా ఏడిసింది, నీ మొహంలాగే" అంది. ఎదురుగా ఉన్నది చెల్లెలని తెలిసి అక్క అన్న ఆఖరి మాట అదే.

పది నిమిషాల్లో గీయడం అయిపోయింది. గాటు పడలేదు.

మర్నాడు ఆరింటికి కత్తి పిన్ని వచ్చేసరికి డ్యూటీ మారింది. అక్క మంచం పక్క బల్ల మీద రెండో బిళ్ళ ఒలిచిన రేకు ఉంది. కొత్త నర్సు, "బాగా నిద్రపోయిందని రాశారు, పొద్దున్నది కూడా వేసేశాను" అంది. డాక్టరమ్మ అప్పటికి వరండా చివర చేతులు కడుక్కుంటోంది. పిలిస్తే వినపడే దూరమే. చెప్పాలంటే మొదటి బిళ్ళ సంగతీ చెప్పాలి. కత్తి పిన్ని రేకుని మడిచి చెత్తబుట్టలో వేసి, స్ట్రెచర్‌కి దారి ఇచ్చింది.

తుంటి ఆపరేషన్ చక్కగా జరిగింది. సర్జను తనే వచ్చి, "పిన్నీ, మీ అక్క ఎముక గట్టిది" అని చెప్పాడు.

రెండో రోజుకి అక్క దుప్పటి అంచు పట్టుకుని, సూది లేకుండా, దారం లేకుండా కుట్టడం మొదలుపెట్టింది. దారం కొరికేది. మళ్ళీ కుట్టేది. గాల్లో టేపు సాచి ఎవరినో కొలిచేది, అంకె చెప్పబోయి ఆగిపోయేది. మళ్ళీ మొదటినుంచి కొలిచేది. కత్తి పిన్ని దగ్గరికి వెళితే మర్యాదగా జరిగి చోటిచ్చింది. "కొలతలకొచ్చారా అమ్మా? కూర్చోండి. ముందువాళ్ళు ఉన్నారు."

టీ వేళకి కత్తి పిన్ని గది తలుపు తోసేసరికి లోపల ఒక ఆయా గాల్లో టేపు సాచి, అంకె మరిచిపోయి, నాలుక బయటపెట్టి నిలబడి ఉంది. మిగతావాళ్ళు పొట్ట పట్టుకుని ఉన్నారు. ఆమెని చూసి అందరూ ఒక్కసారిగా గ్లాసుల్లోకి తలలు దించారు.

"ఆపారేం?" అంది కత్తి పిన్ని. "నేను నేర్పిందేగా."

టీ పోసుకుని అక్కడే కూర్చుని తాగింది.

మూడో రోజు డాక్టరమ్మ మంచం అంచున కూర్చుని చాలాసేపు అడిగింది. వారం? ఇరవై నుంచి వెనక్కి? చివరికి తన చేతులు చాపి, "నా కొలతలు చెప్పండి" అంది. అక్క ఆ చేతుల వైపు చూసి, తరువాత దుప్పటి వైపు చూసి, కుట్టు మొదలుపెట్టింది. డాక్టరమ్మ కాగితాలు తిప్పింది. ఎర్రసిరా కింద నీలి సిరాతో, "రోగి ఆందోళనగా ఉన్నారు."

"ఎవరు చెప్పారు ఆందోళన అని?"

పెద్ద నర్సమ్మ కత్తి పిన్ని వైపు చూసింది.

"కాలు వణికింది డాక్టరమ్మా" అంది కత్తి పిన్ని.

డాక్టరమ్మ గొంతు ఎప్పటిలాగే చిన్నగా ఉంది. ఈసారి ఎవరూ, "ఏంటమ్మా?" అనలేదు. "కాలు వణికితే పట్టుకోవడానికి మీరున్నారనే కదా చెప్పాను."

మూడు నెలల తరువాత కూడా అక్కకి కొలతలు తిరిగి రాలేదు. కర్ర పట్టుకుని నడుస్తుంది, తన అన్నం తను తింటుంది, తలుపు గడియ తీయగలదు. మిషను మీద గుడ్డ పెడితే దాని చుట్టూ చేతులు తిప్పి ఊరుకుంటుంది. కత్తి పిన్ని ఒకరోజు డాక్టరమ్మని నిలదీసింది. ఆ బిళ్ళల వల్లేనా?

"చాలామంది కొన్ని రోజుల్లో కోలుకుంటారు. కొందరు కోలుకోరు. వయసు ఉంది, ఎముక విరగడం ఉంది, ఆపరేషన్ ఉంది" అంది డాక్టరమ్మ. "ఆ రెండు బిళ్ళల వల్లేనని చెప్పలేను. కాదని కూడా చెప్పలేను."

తిట్టి ఉంటే బాగుండేదని కత్తి పిన్ని అనుకుంది. తిడితే ఒకరోజు బాధపడి ఊరుకోవచ్చు.

సగం కత్తిరించిన గుడ్డలు ఎవరివో తెలియక నెలల తరబడి మిషను కింద పడి ఉన్నాయి. వీధివాళ్ళు ఒక్కొక్కరే వచ్చి, వెతుక్కుని, తీసుకుపోయారు. ఒక ఆదివారం మధ్యాహ్నం పక్క వీధి నుంచి ఒకాయన మడత పెట్టిన నీలం గుడ్డ చంకలో పెట్టుకుని వచ్చాడు. డ్యూటీ లేని రోజని ఆయన మరిచిపోయినట్టున్నాడు. గుమ్మంలో కత్తి పిన్నిని చూసి వెనక్కి అడుగు వేశాడు.

లోపలి నుంచి అక్క కర్ర పట్టుకుని వచ్చి ఆయన్ని పైనుంచి కింద దాకా చూసింది. చేతులు కొంచెం పైకి లేచాయి. "మీరెవరండీ?" అంది.

"మెడ పదహారున్నర" అంది కత్తి పిన్ని.

ఆ ఇంట్లో మిగిలిన కొలత అదొక్కటే.

ఆయన నిలబడే ఉన్నాడు. "ఇక్కడ కుట్టేవాళ్ళు లేరు" అని చెప్పి కత్తి పిన్ని తలుపు వేసింది.

ఇప్పుడు ఆమె గిన్నె ప్లాస్టిక్‌ది. స్టీలు గిన్నె ఏమైందని పెద్ద నర్సమ్మ ఒక్కసారే అడిగింది. బిళ్ళకి సంకేతంగా వార్డులో వేరే ఏదో మొదలుపెట్టాలని చూశారు గానీ, కత్తి పిన్ని అడగనిదే ముసలివాళ్ళకి బిళ్ళ వేయడానికి కారణం దొరకడం లేదు. ఆమె అడగదు. ఒక్కో ముసలావిడ దగ్గర నలభై నిమిషాలు కూర్చుంటుంది. కళ్ళజోడు తుడిచి పెడుతుంది. వాళ్ళేమన్నా వింటుంది, తన గురించి అన్నా వింటుంది. డాక్టరమ్మ బయటి నుంచి వచ్చిన డాక్టర్లకి ఆమెని చూపించి, ఈ వార్డులో మత్తుబిళ్ళలు మానిపించింది ఈవిడే అని చెబుతుంది. అలా చెబుతున్నప్పుడు కత్తి పిన్ని అక్కడ నిలబడదు, ఏదో పనున్నట్టు వెళ్ళిపోతుంది.

ఇంటికి వచ్చాక అక్కకి తల దువ్వుతుంది. అక్క ఆమెని, "మీరు" అంటుంది, దువ్వినందుకు ప్రతిసారీ మర్యాదగా కృతజ్ఞత చెబుతుంది. కత్తి పిన్ని కొత్త చొక్కాలు బజారులో కొనుక్కుంటుంది. ఎడమ భుజం దిగి ఉండడం ఇప్పుడు అందరికీ కనిపిస్తుంది.

ఈ ఏడాది ఆమె చేతిలో రెండు గాట్లు పడ్డాయి. రెండు ఆపరేషన్లు వాయిదా పడ్డాయి.